టవర్ చూసిన సాయంత్రం

ఆదివారం వచ్చిందంటే టీవీ టవర్ కింద క్యూ గుట్ట మలుపు దాకా పోతుంది. పిల్లలు మరమరాలు నములుతూ ఉంటారు. పెద్దవాళ్లు మెడలు వెనక్కి వాల్చి ఆ నూట ఎనభై మీటర్ల కాంక్రీటు స్తంభాన్ని చూస్తూ, గాలికి ఊగుతుందా ఊగదా అని ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. ఊగుతుంది. పైన నిలబడితే అరచేయి వెడల్పున ఊగుతుంది. ఆ సంగతి టికెట్ మీద అచ్చు వేస్తే సగం మంది కిందినుంచే తిరిగిపోతారు కాబట్టి ఎవరూ చెప్పరు.

నిజానికి జనం వచ్చేది ఎత్తు కోసం కాదు. ఇప్పుడు నగరంలో అంతకంటే ఎత్తయిన అపార్టుమెంట్లు లేచాయి, వాటిలో ఉండేవాళ్లకు కిటికీ తెరిచి కిందికి చూసే తీరికే లేదు. టవర్ పైన గుండ్రటి అద్దాల గదిలో ఎనిమిది దుర్భిణీలు ఉన్నాయి. వాటిలో కన్ను పెడితే ఇవాళ్టి నగరం కనపడదు. మనం చెప్పిన తేదీనాటి నగరం కనపడుతుంది, అది కూడా ముప్పై నలభై ఏళ్ల కిందటిది. జనం వచ్చేది దానికి.

ఆ దుర్భిణీల వెనకున్న లెక్క మొత్తం సుభాషిణిది. యాభై ఏళ్ల మనిషి. పెళ్లి ఊసెత్తిన వాళ్లకు "టైం దొరకలేదు" అని చెప్పి నవ్వేస్తుంది, అందులో సగం నిజమే. వారమంతా కింద ప్రయోగశాలలో కూర్చునే మనిషి, ఆదివారం మాత్రం పైకి వచ్చి జనం మధ్య తిరుగుతుంది. ఎవరైనా దుర్భిణీలో కన్ను పెట్టి తమవాళ్లను గుర్తుపట్టినప్పుడు వాళ్ల ముఖం చూడటం ఆమెకు ఇష్టం. అంత చదివి, అంత కష్టపడినందుకు ఆ ముఖాలే తన జీతం అనుకునేది.

ఆ ఆదివారం ఒక ముసలాయన వచ్చాడు. "మా నాయిన స్టేషన్ కాడ రిక్షా తొక్కేటోడు మేడమ్. ఎనభై తొమ్మిదిల," అన్నాడు. సుభాషిణి తేదీ పెట్టి, దుర్భిణీని స్టేషన్ వైపు తిప్పింది.

"గీ నలకనా?" అన్నాడాయన.

"మనిషి నలకంతే కనపడతాడు పెద్దాయనా. ఇనుము అయితే మెరుస్తుంది. ఆ మెరిసేది రిక్షా. పక్కన కదిలేవాణ్ణి చూడండి."

ఆయన చాలాసేపు చూశాడు. వెనక క్యూలో గొణుగుడు మొదలైంది. "ఎక్కేటప్పుడు ఆగి ఎడమ కాలు పట్టుకుంటున్నడు. మా నాయినే," అని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. "ఎట్ల పట్టిన్రు మేడమ్ దీన్ని?"

దీనికి సుభాషిణి దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. "మీ ఇంట్లో పాత టీవీ ఉండేదా? బొమ్మ పక్కన ఇంకో బొమ్మ నీడలాగ పడేదా?"

ఆ మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్లందరికీ నవ్వు వస్తుంది. ఒకడు మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పడం, కిందినుంచి ఇంకొకడు "వచ్చింది, వచ్చింది, అరె పోయింది" అని అరవడం ఎవరికి గుర్తులేదు? ఆ నీడ యాంటెన్నా తప్పు కాదు. టవర్ నుంచి బయలుదేరిన తరంగం సగం తిన్నగా వచ్చేది. సగం ఏ గోడకో, ఏ బస్సుకో, దారిన పోయే మనిషికో తగిలి కాస్త ఆలస్యంగా వచ్చేది. ఎంత ఆలస్యమో లెక్క కడితే, అది దేనికి తగిలి వచ్చిందో, ఆ వస్తువు ఎక్కడ ఉందో తెలుస్తుంది. తమ ప్రసారం శుభ్రంగా ఉందో లేదో చూసుకోవడానికి అప్పటి ఇంజినీర్లు రోజూ సాయంత్రం పది నిమిషాల పాటు దాన్ని వెడల్పాటి టేపుల మీద రికార్డు చేసేవారు. టవర్‌ను పడగొట్టాలా వద్దా అని రిపోర్టు రాయడానికి వచ్చిన సుభాషిణికి నేలమాళిగలో ఆ టేపులు కనిపించాయి. రిపోర్టు రాయడం మానేసి, ఆరేళ్లు కూర్చుని వాటిలోని నీడలను విడదీసింది. టేపుల మీది బొమ్మ ఆమెకు అక్కరలేదు. బొమ్మను పొట్టులా చెరిగేసి నీడలను ఏరుకుంది.

పేరొచ్చింది. పత్రికల వాళ్లు వచ్చారు. "మనుషులు మరిచిపోతారు, అబద్ధాలూ చెబుతారు. టవర్‌కు ఆ రెండూ రావు," అని వాళ్లతో అంది. ఆ మాటను పెద్ద అక్షరాలతో వేశారు. తర్వాత తర్వాత ఆస్తి తగాదాల్లో, పాత ప్రమాదాల మీద వివాదాల్లో కూడా టవర్ చూసిందే సాక్ష్యమైంది.

ఇంట్లో ఆమె, ఆమె తండ్రి సాయిలు, ఇద్దరే. ఎనభై రెండేళ్ల సాయిలు పొద్దున్నే లేచి ఇద్దరికీ చాయ్ పెడతాడు, కూతురు పెట్టే చాయ్ మీద ఆయనకు నమ్మకం లేదు. ఒకప్పుడు ఈదులకుంట చెరువుకు తూము కాపలాదారు. నగరం నడుమన ఉన్న చెరువు అది, కట్ట కింద బస్తీ. ముప్పై తొమ్మిదేళ్ల కిందట భాద్రపదంలో మబ్బు పగిలినట్టు వాన పడి చెరువు నిండింది. సాయిలు రోడ్డు మీది హోటల్‌కు ఉరికి పైఅధికారికి ఫోను చేశాడు. కలవలేదు. తిరిగి వచ్చి, ఆర్డర్ లేకుండానే చక్రం తిప్పి తూము షట్టర్లు రెండూ ఎత్తాడు. అయినా అయిదూ యాభై ఎనిమిదికి అవతలి కొసన కట్ట తెగింది. పదకొండు మంది పోయారు. షట్టర్లు ఎత్తి ఉండకపోతే కట్ట మొత్తం పోయేదని, బస్తీ మొత్తం పోయేదని అందరూ అన్నారు. అప్పుడు సుభాషిణికి పదకొండేళ్లు, హాస్టల్లో ఉంది.

అయిదూ యాభై ఎనిమిది అని అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, నీళ్లు రాగానే రేషన్ షాపులోని కరెంటు గడియారం ఆగిపోయింది. బస్తీవాళ్లు దాన్ని ఇప్పటికీ తమ సంఘం గదిలో తగిలించి ఉంచారు.

అప్పటినుంచి ఏటా పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్య నాడు, పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చి వంట చేసుకున్నాక, బస్తీలో ప్రతి ఇంటినుంచీ సాయిలుకు ఒక గిన్నె వస్తుంది. ముందు వచ్చేది రాజవ్వ గిన్నె. ఆమె మూడేళ్ల కూతురు ఆ పదకొండు మందిలో ఒకతి. రాజవ్వ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గారెలు, పులుసు పెట్టి, "తిను అన్నా" అని వెళ్లిపోయేది. ఆ ఒక్క రోజు సాయిలు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఇన్నేళ్లకు, ఒక శ్రావణంలో, కట్ట తెగిన సాయంత్రపు టేపు దొరికింది. బూజు పట్టినా బాగానే ఉంది. సంగతి తెలిసి బస్తీవాళ్లు చూస్తామన్నారు. సుభాషిణికి కూడా సంబరంగానే ఉంది. లోకానికంతా లోకుల తండ్రులను చూపించింది, ఒక్కసారి తన తండ్రినీ చూపించుకోవచ్చు కదా.

"నువ్వూ రా బాపూ," అంది.

"నేను చేసిందే గదనే. మళ్ల చూసుడెందుకు?" అన్నాడు సాయిలు. "మోకాళ్లు నొస్తున్నయ్. మీరు చూడున్రి."

రాజవ్వతో కలిపి పదహారు మంది వచ్చారు. అందరూ చూడటానికి వీలుగా సుభాషిణి దుర్భిణీలో కనపడేదాన్ని గోడ మీద పడేట్టు చేసింది. టేపు డబ్బా మీద ఎవరో పెన్నుతో "మొదలు 6-00" అని రాశారు. ఆ లెక్కన ఒక మూలన గంటలూ నిమిషాలూ కదులుతున్నాయి. వాన వల్ల గోడంతా ఇసుక చల్లినట్టు ఉంది. బస్తీ కట్ట కింద ఉంది కాబట్టి కనపడదు. కట్ట తెగిన కొసకు రాళ్లగుట్ట అడ్డం. తూము మాత్రం తేటగా ఉంది.

ఆరూ రెండుకు రోడ్డు వైపునుంచి ఒక నలక కట్ట మీదికి ఉరుకుతూ వచ్చింది. ఆరూ నాలుగుకు తూము మీద ఇనుప చక్రం మెరుస్తూ తిరగడం మొదలైంది. ఆరూ ఏడుకు రెండు షట్టర్లూ పైకి లేచాయి.

తర్వాత వెనక కూర్చున్న పెద్దమనిషి ఒకాయన నెమ్మదిగా అన్నాడు. "నీళ్లు అయిదూ యాభై ఎనిమిదికే వొచ్చినయ్ గద మేడమ్."

సుభాషిణి మరోసారి వేసింది. మూడోసారి కూడా వేసింది. టేపు వేగం, తేదీ, దూరాల లెక్క అన్నీ వాళ్ల ముందే సరిచూసింది. ఎక్కడా పిసరంత తేడా లేదు. షట్టర్లు లేచింది కట్ట తెగిన తర్వాతేనని ఆమె కట్టిన యంత్రమే ఆమె ముఖం మీద చెప్పింది.

ఎవరూ గొడవ చేయలేదు. గొడవ చేసినా బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది. రెండు విడతలుగా లిఫ్టు దిగిపోయారు. చివర రాజవ్వ, "పోతున్న బిడ్డా," అని చెప్పి మరీ వెళ్లింది.

ఇంటికొచ్చేసరికి సాయిలు పల్లీలు వలుస్తున్నాడు. "అందరు చూసిన్రా?" అని అడిగాడు. సుభాషిణి చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి, ఎక్కువ తక్కువ లేకుండా చెప్పేసింది. ఆయన చేతులు ఆగాయి.

"అట్లెట్లయితది?" అన్నాడు. "నేను ఆరు కాకముందే ఎత్తిన. ఎత్తినంకనే తెగింది. నాకు యాదికున్నది."

"టేపులో ఆరూ నాలుగు అయింది బాపూ."

"మిషన్ తప్పు జెప్తదేమొ?"

"చెప్పదు," అంది సుభాషిణి. ఆ ఒక్కమాట ఎంత తేలిగ్గా అన్నదో తర్వాత ఎన్నోసార్లు తలుచుకుని ఏడ్చింది. కానీ ఆ పూట ఆమెకు కోపంగానే ఉంది. ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్ల గిన్నెలు తిని, చనిపోయినవాళ్ల తల్లుల చేత దండాలు పెట్టించుకున్నాడు కదా అని మనసులో రగిలింది. ఆ వారమంతా తండ్రితో కలిసి కూర్చుని తినలేదు.

సాయిలు వాదించే మనిషైతే కథ ఇంకోలా ఉండేది. ఆయన వాదించలేదు. కూతురు చదువంటే ఆయనకు దేవుడి మీద కంటే ఎక్కువ గురి. బిడ్డ తప్పు చెప్పదు, బిడ్డ చేసిన మిషన్ తప్పు చెప్పదు, అయితే తప్పు తన తలలోనే ఉండాలి. ఇక ఆ తలలో వెతకడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆనాడు ఫోను కలవకపాయె గద. హోటల్ల కూసొని చాయ్ తాగిన్నేమొ బిడ్డా."

"తాగావా?"

"తాగినట్టే ఉన్నది. తడిసి వణుకుతున్న గద. హోటలాయన ఇచ్చిండు. అండ్ల కొంచెంసేపు పోయినట్టున్నది." ఇంకో వారానికి "తాగినట్టే ఉన్నది" పోయి "తాగిన" అయింది. హోటలాయన గ్లాసు అందించిన చేయి, ఆ గ్లాసు వేడి కూడా ఆయనకు గుర్తొచ్చాయి.

పెత్రమాస వచ్చింది. మధ్యాహ్నం రెండు దాకా సాయిలు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్క గిన్నె రాలేదు. సుభాషిణి పొయ్యి వెలిగించి అన్నం వండింది. ఆయన తినలేదు. చొక్కా వేసుకుని, ఆటో పిలిపించుకుని, ఒక్కడే బస్తీకి పోయాడు. అక్కడ రాజవ్వ గుమ్మంలో, పదిమంది చూస్తుండగా, ఆమె కాళ్ల మీద పడి, "నా ఆలిశంతోనే నీ బిడ్డ పోయింది చెల్లె," అన్నాడట. రాజవ్వ లేపి, నీళ్లిచ్చి, "పోనీలే అన్నా," అన్నదట. ఆటోవాడు చెప్తే సుభాషిణికి తెలిసింది. ఆ తర్వాత సాయిలు బయటికి పోవడం మానేశాడు. పొద్దున చాయ్ పెట్టడం కూడా మానేశాడు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. మాఘమాసంలో ఒక రోజు ఖాదర్ సాబ్ అనే ఆయన టవర్ చూడటానికి వచ్చాడు. టీవీ కేంద్రంలో ట్రాన్స్‌మిటర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. అప్పట్లో టేపులు రికార్డు చేసినవాళ్లలో బతికున్నది ఆయనొక్కడే. సుభాషిణి ఆయనకు పాత కంట్రోల్ రూమును స్వయంగా చూపించింది. ఇప్పుడది మ్యూజియం. మీటర్లు, నాబులు, చేతులు తగిలి నునుపెక్కిన కుర్చీలు, గోడ మీద పెద్ద గడియారం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖాదర్ సాబ్ గడియారం వంక చూసి, తన చేతి వాచీ చూసుకుని పకపకా నవ్వాడు.

"దీన్ని కరెక్టుగ పెట్టిన్రా? పాపం, ఇది పుట్టినకాడికెళ్లి ఎన్నడు కరెక్టు టైం చూపలేదమ్మా."

"అంటే?"

"పన్నెండు నిమిషాలు ముందుండేది. ఒకసారి వార్తలు రెండు నిమిషాలు లేటయి పెద్దసారుకు మెమో వొచ్చింది. ఆయన వొచ్చి ముల్లు ముందుకు తిప్పిండు. అప్పటికెళ్లి గదే టైం. డ్యూటీకి వొచ్చెటోడు, టేపు పెట్టెటోడు, అందరు దీన్నే చూస్తరు, మనసుల పన్నెండు తీసేస్కుంటరు."

సుభాషిణి గడియారం వైపు తిరిగింది. "టేపు డబ్బా మీద రాసే టైం?"

"దీన్ని చూసే రాస్తుంటిమి."

"పన్నెండు నిమిషాలు ముందని ఎక్కడా రాయలేదా సాబ్? ఏ రిజిస్టర్లోనూ?"

ఖాదర్ సాబ్ ఆమె వంక వింతగా చూశాడు. "అందరికి తెల్సినదాన్ని ఎవరు రాస్తరమ్మా?"

ఆమె వంటింటి గడియారం కూడా పది నిమిషాలు ముందే నడుస్తుంది. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున దాన్ని చూసి, మనసులోనే పది తీసేసుకుని బస్సు పట్టుకుంటోంది. ఆ ముల్లు ఎవరు తిప్పారో కూడా ఆమెకు తెలియదు. సెకనులో లక్షో వంతును లెక్క పెట్టగలిగిన మనిషికి ఈ ఊళ్లో ఏ ఇంటి గడియారమూ సరైన టైం చెప్పదన్న సంగతి తట్టలేదు.

అప్పటికప్పుడు కిందికి పరుగెత్తి ఆ టేపు తీసింది. ఈసారి నీడలు కాదు, బొమ్మ వేసింది. పదేళ్లలో ఆ టేపుల మీది బొమ్మను చూడటం ఆమెకు అదే మొదలు. ముందు చాలాసేపు రంగుల పట్టీలు. డబ్బా మీది లెక్కన ఆరూ రెండు అవుతుండగా పట్టీలు పోయి, సాయంత్రం ప్రసారాలు మొదలయ్యే ముందు ఢిల్లీ నుంచి వేసే గడియారం తెర నిండా వచ్చింది. సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమంటూ పైకి చేరింది. అయిదూ యాభై.

అంటే నలక కట్ట ఎక్కింది అయిదూ యాభైకి. చక్రం తిరగడం మొదలైంది అయిదూ యాభై రెండుకు. షట్టర్లు లేచింది అయిదూ యాభై అయిదుకు. కట్ట తెగడానికి ఇంకా మూడు నిమిషాలు ఉన్నాయి. టేపు సరిగ్గా ఆ తెగే నిమిషం దగ్గర అయిపోయింది. ఆమె తండ్రి ముప్పై తొమ్మిదేళ్ల కింద ఏం చెప్పాడో అదే జరిగింది. నిజం చెప్పే గడియారాన్ని పొట్టు కింద చెరిగి పారేసింది తనే.

తన పైఅధికారికి ఫోను చేస్తే ఆయన నిట్టూర్చి, "టైమును లోపల్లోపల సరిచేసేయండి. ఊరంతా చాటింపు వేయడం దేనికి?" అన్నాడు. సుభాషిణి ఫోను పెట్టేసింది. ఆ టేపులను నమ్మి ఎన్ని ఇళ్లలో ఎంతమంది తమ యాదిని కాదనుకున్నారో ఆమెకు తెలియదు. తన ఇంట్లో ఒకరున్నారని మాత్రం తెలుసు.

ఆ సాయంత్రం తండ్రి మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పింది. గడియారం సంగతి చెప్పింది, బొమ్మ సంగతి చెప్పింది. "నువ్వు టైముకే వచ్చావు బాపూ. తప్పు నాది," అంది. ఏడ్చింది కూడా.

సాయిలు ఆమె తల మీద చేయి వేశాడు కానీ ముఖంలో ఏ తేడా రాలేదు. "ఏడ్వకు. కని నేను చాయ్ తాగిన గదనే."

"తాగలేదు బాపూ. నేను చెప్పాక వచ్చిన యాది అది."

"గ్లాసు వేడి గుడ యాదికున్నది. మొదలుదే ఇగ యాదికొస్తలేదు. ఎత్తినంక తెగిందా, తెగినంక ఎత్తిన్నా, ఎట్ల యోచన చేసినా చాయే కనవడ్తున్నది." ఆమె తల మీదినుంచి చేయి తీశాడు. "అయినా ఇప్పుడు ఎవరికేం జెప్తవు? రాజవ్వ కాళ్లు మొక్కిన. ముప్పై తొమ్మిదేండ్ల సంది నిద్ర లేని మనిషి, నేను పోయొచ్చినకాడికెళ్లి మంచిగ నిద్రపోతున్నదట. బస్తీ ఆటోవాడే జెప్పిండు. ఇప్పుడు పోయి తప్పు ఎవ్వరిది గాదని జెప్తే ఆమెకేం మిగుల్తది? నా మీదనే ఉండనీ."

సుభాషిణి దానికి జవాబు వెతుక్కుంటూ రెండు రోజులు గడిపింది. చెప్తే రాజవ్వ నిద్ర మళ్లీ చెడుతుంది, చెప్పకపోతే తండ్రి ఆ చాయ్ గ్లాసు పట్టుకునే కన్నుమూస్తాడు. దయ చూపి అబద్ధాన్ని ఉంచే హక్కు మాత్రం తనకు లేదనిపించింది, దాన్ని పుట్టించింది తనే కాబట్టి. మూడో రోజు బస్తీకి పోయి రాజవ్వను టవర్ దగ్గరికి రమ్మని అడిగింది. ఎందుకని రాజవ్వ అడగలేదు. సాయిలును బతిమాలి ఒప్పించింది.

బుధవారం పొద్దున్న. ఆ రోజు సందర్శకులకు సెలవు. సాయిలు ఆ టవర్ ఎక్కడం అదే మొదటిసారి. అద్దాల్లోంచి ఎండలో మెరుస్తున్న నగరాన్ని చూసి, "చెరువేదే?" అని అడిగాడు. సుభాషిణి చూపించింది. చుట్టూ మేడల మధ్య ఆకుపచ్చగా, చిన్నగా ఉంది. రాజవ్వ కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఆయనకు కాస్త ఎడంగా నిలబడింది. అరవై నాలుగేళ్ల సన్నటి మనిషి.

సుభాషిణి ఇద్దరికీ గోడ మీద మొదట బొమ్మ వేసి ఢిల్లీ గడియారం చూపించింది. తర్వాత ఆ టైము ప్రకారం నీడలు వేసింది. నలక ఉరికింది, చక్రం మెరిసింది, షట్టర్లు లేచాయి. మూలన అయిదూ యాభై అయిదు. "మా బాపు ఆలస్యం చేయలేదు రాజవ్వా," అంది. "నా యంత్రం తప్పు చెప్పింది. నీ బిడ్డ పోవడంలో ఆయన తప్పు లేదు. నన్ను క్షమించు."

టేపు ఇంకా ఆగలేదు. షట్టర్లు లేచాక ఆ నలక చక్రం వదిలి కట్ట అంచుకు వచ్చింది. అక్కడే దాదాపు నిమిషంపాటు నిలబడింది. మొదటిసారి చూసినప్పుడు ఎవరూ దీన్ని పట్టించుకోలేదు, అప్పటికే అందరి చూపూ టైము మీదికి పోయింది. సుభాషిణికి ఇప్పటికీ ఆ నిమిషం అర్థం కాలేదు.

"ఆడ నిలవడి ఏంజేస్తున్న నేను?" అన్నాడు సాయిలు గోడ వైపు వేలు చూపిస్తూ. "నాకైతే యాదికి లేదు."

రాజవ్వ గోడ వంకే చూస్తూ చెప్పింది. "కేకేస్తున్నవ్ అన్నా."

సాయిలు ఆమె వైపు తిరిగాడు.

"నా పేరు వెట్టే పిలిచినవ్. నా ఇల్లే గద కట్టకు దగ్గర. 'రాజవ్వా, పోరిని తీస్కొని గుట్టెక్కు, అందరికి జెప్పు' అన్నవ్. విన్న. వస్తున్న అన్న గుడ. పోరి పండుకొని ఉండె. పొద్దుగాలనే రేషన్ బియ్యం తెచ్చిన. తడుస్తయని మూటను అటక మీదికి ఎక్కిస్తున్న." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. "మూట ఎక్కింది. నేను అటక పట్టుకొని ఉన్న. పోరి కిందనే ఉన్నది."

గోడ మీద టేపు అయిపోయి తెల్లగా మిగిలింది. సుభాషిణి దాన్ని ఆపడం మరిచిపోయింది.

"ఎవ్వరికి జెప్పలే. మా ఆయన సచ్చిపోయెటప్పుడు గుడ జెప్పలే. నువ్వొచ్చి నా కాళ్ల మీద పడ్డనాడు, నాకు ఎరికే ఉండె నీది తప్పు గాదని. కని తప్పు నీదైతే నాది గాదు గద అనుకున్న. పోనీలే అన్నా అని, నీ మీదనే ఉండనిచ్చిన." రాజవ్వ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "నాలుగు నెలలు మంచిగ నిద్రపట్టింది."

సుభాషిణి ఒక గడియారాన్ని సరిచేయబోయి ఒక తల్లి దాచుకున్నదాన్ని బయటికి లాగింది. అది ఏ టేపు మీదా లేదు, ఉండదు.

సాయిలు నెమ్మదిగా పోయి రాజవ్వ ముందు నిలబడ్డాడు. చెప్పే మాట కోసం కాదు, అడిగే మాట కోసం తడుముకుంటున్నాడు.

"కేకేసిన్నా చెల్లె నేను? నిజంగ?"

"వేసినవ్."

"చాయ్ తాగిన్నేమొ ఆనాడు."

"ఏడ తాగినవన్నా. నెత్తికెళ్లి నీళ్లు కారుతుండె, రొప్పుతుంటివి. నీ గొంతు చీలి రెండుగ వినవడింది నాకు. ఇయ్యాల్టికి వినవడ్తది."

సాయిలు ఆమె చేయి పట్టుకుని అద్దం పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. నాలుగు నెలలుగా ఒక్క చుక్క రాల్చని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజవ్వ ఆయన పక్కన కూర్చుంది. ఆమె ఏడవలేదు. ఆయన చేతిలోంచి తన చేయి మాత్రం తీసుకోలేదు.

"బియ్యం తడవకుండ చూస్కున్నవ్," అన్నాడు సాయిలు చాలాసేపటికి. "పిల్లకు పొద్దుగాల బువ్వ వెట్టాలె గద. అది తప్పెట్లయితదమ్మా."

"అట్లనకు అన్నా," అంది రాజవ్వ. "నువ్వంటే నమ్మాలనిపిస్తది."

"నమ్ము," అన్నాడు సాయిలు.